1353 నాటి గిలాస

మొన్న సంక్రాంతికి హనుమకొండలో మా పెద్దబాపు ఇంట్లో ఒక విచారణ సంఘం కూచుంది. పెద్దబాపు అధ్యక్షుడు, మేనబావ పురావస్తు నిపుణుడు, నేను రాతగాణ్ని. పెద్దమ్మను కూడా సభ్యురాలిగా వేద్దామనుకున్నాం. ఆమె సకినాలు చుడుతూనే ‘‘మీకు పనిలేదా’’ అని అసమ్మతి నమోదు చేసి తప్పుకుంది. విచారణాంశం: బాపమ్మ సందుగలో దొరికిన వెండి గిలాస. చేసిందెవరు? అసలు హక్కుదారెవరు?

గిలాస అంచు కింద చుక్కచుక్కగా కొట్టిన అక్షరాలున్నాయి. ‘క.ల. 1353’. అంతే.

మేనబావ కళ్లద్దాలు తుడుచుకొని పెట్టుకున్నాడు. ‘‘క అంటే కాకతీయ. ల అంటే లాంఛనం.’’

ప్రతాపరుద్రుడు 1323లోనే ఢిల్లీ సైన్యానికి చిక్కి, దారిలో నర్మద ఒడ్డున పోయాడు గదా, ముప్పై ఏండ్ల తర్వాత ఈ లాంఛనం ఎవరు కొట్టించారని అడిగాను. ‘‘ముసునూరి కాపయనాయకుడు అప్పుడు ఓరుగల్లులనే ఉన్నడు. రాజ్యం పోతే గిలాసలు చేసుడు బందువెడ్తరా?’’ అన్నాడు. నిజమే, పెట్టరు. కాకతీయుల గుర్తు వరాహం. గిలాస అడుగున ఒక సొట్ట ఉంది. అది వరాహం ముట్టె అని తీర్మానమైంది. ఆ రాత్రి పెద్దబాపు గిలాసను దిండు కింద పెట్టుకొని పడుకున్నాడు. తెల్లారేసరికి మెడ పట్టేసింది గాని ముఖంలో రాజకళ మాత్రం తగ్గలేదు.

వాకిట్లో ఎండకు కూచున్న బాపమ్మ చాయ ఊదుకుంటూ ఒక్క మాటంది. ‘‘ఫసలీ రా అది. నైజాం లెక్క.’’

ఫసలీ అంటే నైజాం సర్కారు శిస్తు లెక్కల సంవత్సరం. దానికి 590 కలిపితే ఇంగ్లిషు సంవత్సరం, 1943 వస్తుంది. పాత భూమి కాగితాలు చేతబట్టి ఆఫీసుల చుట్టూ తిరిగిన ఏ రైతుకైనా వచ్చిన కూడిక ఇది. సంఘంలో ముగ్గురం డిగ్రీలు చదివినవాళ్లం. గిలాస కాకతీయుల కాలం నుంచి జారి వరంగల్ ఆజంజాహి బట్టల మిల్లు కాలంలో వచ్చి పడింది. మేనబావ ఆ పూట అన్నం సరిగ్గా తినలేదు.

ఇంగ్లండులో ఈ తిప్పలు లేవు. వెండి కప్పు మీద ముద్రలు చూస్తే చాలు, జాతకమంతా తెలుస్తుంది. నడిచే సింహం ఉంటే వెయ్యింట 925 పాళ్లు వెండి. చిరుత తల ఉంటే లండన్‌లో పరీక్ష చేశారని, లంగరు ఉంటే బర్మింగ్‌హామ్‌లో అని. ఒక్క అక్షరం ఏ ఏడాదో చెబుతుంది, 1478 నుంచీ నడుస్తున్న పద్ధతి. పక్కనే చేసినవాడి పొడి అక్షరాలు. రాజు తల కూడా ఉంటే 1784కూ 1890కీ మధ్యది, పన్ను కట్టిన సరుకు. సముద్రం లేని బర్మింగ్‌హామ్‌కు లంగరేమిటని అడగకండి. మన కేసముద్రం ఊళ్లో ఎన్ని ఓడలున్నాయో అక్కడా అన్నే ఉన్నాయి.

మన దేశంలోనూ ముద్ర కొట్టినవాళ్లు లేకపోలేదు. కచ్‌లోని భుజ్‌లో పందొమ్మిదో శతాబ్దం చివర ఊమర్సీ మావ్‌జీ అనే గొప్ప పనివాడు తన వెండి మీద ఇంగ్లిషులో ‘ఓ.ఎం.’ అని కొట్టేవాడు. ఆ రెండక్షరాలకే ఇప్పుడు వేలాల్లో ధర. అదే గిలాస మా ఇంటికి వచ్చి ఉంటే ‘ఓం’ అని చదివి, పసుపు రాసి, దేవుని గూట్లో పెట్టి, మావ్‌జీ పేరును ఆరతి మసిలో కలిపేసేవాళ్లం.

మన పద్ధతే వేరు. చేసిన అవుసలాయన పేరుండదు, తీసుకున్నవాళ్ల పేరుండదు, పెట్టినవాళ్ల పేరు మాత్రం సొట్టపడినా చెరగదు. కరీంనగర్ తీగపని చూడండి. వెండిని సన్నటి తీగ లాగి, రెండు తీగలు మెలేసి, చదును చేసి, చుట్లు చుట్లుగా చట్రంలో పేర్చి అతుకుతారు. 2007లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. కుంకుమ భరిణె మీద ఆకు ఈనెలు లెక్కపెట్టొచ్చు, పనివాడి పేరు మాత్రం దొరకదు. అదే భరిణె పెండ్లికి వచ్చేసరికి ఆ ఈనెల మీదనే ‘విత్ బెస్ట్ కాంప్లిమెంట్స్’ అని ఇంత స్టిక్కరు.

బంగారు నగల హాల్‌మార్కు ముద్రలో అక్షరాలు, అంకెలు కలిసిన ఆరు గుర్తుల సంకేతం 2023 ఏప్రిల్ 1 నుంచి తప్పనిసరి చేశారు, సంతోషం. నగ ఎన్ని పాళ్ల మేలిమో ఆ ముద్ర చెబుతుంది గాని తల్లిగారు పెట్టిందా, అత్తగారు పెట్టిందా చెప్పదు. కోర్టులకు కావలసిన ముద్ర ఇంకా రాలేదు.

సరే, ఇంగ్లండు పరీక్షశాలకు దీటుగా మనకున్నది ఒక్కటే, కట్నాల బుక్కు. పెండ్లి పందిట్లో అన్నాల వరుసకు దగ్గరగా టేబులేసుకొని రాసేది. మా ఇంట్లో అప్పటిది పురుగు తిన్నంత తినగా మిగిలింది. దాంట్లో వరుస దొరికింది: ‘క.ల., గిలాస వెండిది 1, తులాలు 10’. సంఘం గిలాసతో సహా బజారుకు కదిలింది. సేటు కాంటా మీద పెడితే 116 గ్రాములు. ‘‘పదకొండున్నర తులాలకు ఎక్కువే’’ అన్నాడు. మేం ముఖాలు చూసుకున్నాం. ఇప్పటి తులం పది గ్రాములు, పాత తులం 11.66 అని సేటు విడమరిచి చెప్పినా పెద్దమ్మ ఇంటికొచ్చాక ఒప్పుకోలేదు. ‘‘ఎనభై ఏండ్లు సందుగల ఉన్నది, ఈనింది గావచ్చు’’ అంది.

అసలు సంగతి కాంటా దించాక బయటపడింది. సేటు గిలాసను నోటి దగ్గర పెట్టుకొని, చలిలో అద్దం మీద ఊదినట్టు ‘హా’ అని ఊదాడు. ఆవిరి పట్టింది. క.ల. వెనకాల, గీకి నున్నగా చేసినచోట, పాత అక్షరాల నీడ తేలింది. రెండు క్షణాల్లో పోయింది. మళ్లీ ఊదాడు. తర్వాత పెద్దబాపు ఊదాడు, మేనబావ ఊదాడు, వెనకాల గిరాకీలు ఆగిపోయి చూస్తుండగా నేనూ ఊదాను. సందేహం లేదు. మా ఇంటిపేరు, మా ముత్తాత పేరు.

బాపమ్మకు ఇదేం వింత కాదు. ‘‘మొదలు మనమే పెట్టినం, వాళ్లింట్ల పెండ్లికి. మూడేండ్లకు మన పెండ్లి వస్తే పేరు గీకిచ్చి మనకే పెట్టిన్రు. మా అత్త సచ్చేదాంక వాళ్లింట్ల మంచినీళ్లు ముట్టలే.’’

సంఘం నివేదిక రాయడం నా వంతు. హక్కుదారు మేమే అని రాస్తే ఆ అవమానమూ మాదే అవుతుంది. వాళ్లే అని రాస్తే 116 గ్రాములు పోతాయి. నేను కలం పట్టుకొని కూచున్నాను. ఈలోపు క.ల. గారి మునిమనుమరాలి పెండ్లి పత్రిక వచ్చింది, మాఘంలో ముహూర్తం. పెద్దబాపు గిలాసను చింతపండు పెట్టి తోమించి, పేర్లు కొట్టేవాడి దగ్గరికి నన్నే పంపాడు. ఉన్న అక్షరాలు గీకియ్యాలట. లోతుగా, ఎవరు ఎంత ఊదినా కనబడకుండా.