మా లిస్టు మీ బీరువాలో క్షేమమేనా?

మహారాజశ్రీ సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం, 2001 గారికి,

మా ఊరి రీడింగ్ రూము సొసైటీ కార్యదర్శి నమస్కరించి రాయునది. ఉభయకుశలోపరి.

నిన్న మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి నాలుగున్నర దాకా మీ గుమ్మంలోనే, అంటే రిజిస్ట్రార్ ఆఫీసులోనే ఉన్నాను. ఒక కాలు పొట్టిదైన ఆ బల్ల మీద. ఫ్యాను కింద ఒక కుర్చీ ఉంది గానీ, అందులో డాక్యుమెంటు రైటరు గారి సంచీ కూర్చుంది. స్థలాల రిజిస్ట్రేషన్‌కి వచ్చినవాళ్లు ఫోటోలు దిగి, వేలిముద్రలు వేసి, స్వీట్లు పంచుకుని వెళ్లిపోయారు. స్థలం కొంటే గంటలో పని. పేపర్లు చదివే గది నడిపితే మాత్రం రేపు రండి.

పని చిన్నదే. మా కోశాధికారి మాస్టారు మాఘమాసంలో కాలం చేశారు. ఆయన స్థానంలో మా టైలరుని ఎన్నుకున్నాం. సర్వసభ్య సమావేశం పెట్టాం, మినిట్స్ రాశాం, ఉప్మా కూడా పెట్టాం (ఉప్మా లేకపోతే మా ఊళ్లో కోరం రాదు). ఖాతాలో 18,400 రూపాయలున్నాయి. చెక్కు మీద సంతకం మార్చమని బ్యాంకుకు వెళ్తే, "కొత్త కమిటీని రిజిస్ట్రార్ ఆమోదించినట్టు కాగితం తెండి" అన్నారు.

మీ గుమాస్తా గారు మంచి మనిషి. అడగకుండానే మంచినీళ్లిచ్చారు. తర్వాత అసలు సంగతి చెప్పారు. "కొత్త కమిటీ సభ్యుల లిస్టు ఇచ్చి వెళ్లండి, ఫైల్లో పెడతాం. ఆమోదించడాలు మా పని కాదండీ. సర్టిఫైడ్ కాపీ కావాలా, ఇస్తాం. కాపీ సరైన కాపీయే అని రాస్తాం. అందులో ఉన్నది నిజమని మాత్రం రాయం."

ఈ మాట నేను బస్సులో కూర్చుని మూడుసార్లు మననం చేసుకున్నాను. ఉపనిషత్తులో కూడా ఇంత లోతు చూడలేదు.

అదీగాక, రెండేళ్ల కిందటి మా లిస్టు ఫైల్లో లేదట. అది వేస్తే గానీ ఇది తీసుకోరట. అందినట్టు మీరిచ్చిన రసీదు చూపించాను. ముద్ర అలుక్కుపోయి నేరేడుపండు మరకలా ఉంది. "తేదీ కనపడట్లేదు కదండీ" అన్నారు. ముద్ర మీదే కదండీ అన్నాను. ఆయన నవ్వారు. నేనూ నవ్వాను. భోజనాల టైము అయింది.

అయ్యా, నాకర్థం కానిది ఒక్కటే. ఏటా లిస్టు పంపమంటారు. తీసుకుంటారు. ట్యాగుకు గుచ్చుతారు. ఆ లిస్టు ఎవరికి పనికొస్తుంది? బ్యాంకువాడు నమ్మడు, ఎందుకంటే మీరే నమ్మరు. సొసైటీలో గొడవొచ్చి రెండు వర్గాలు రెండు లిస్టులు తెస్తే, రెండూ అదే ఫైల్లో పక్కపక్కనే కాపురం చేస్తాయి. ఏది అసలుదో తేలాలంటే జిల్లా కోర్టుకు వెళ్లమంటారు. మాకు గొడవ లేదు మహాప్రభో! గొడవ లేదని చెప్పడానికి ఎక్కడికి వెళ్లాలి?

మీ తాతగారు 1860 నాటి చట్టం కూడా ఏడుగురు సభ్యులుండాలన్నారు, ఏటా లిస్టు పంపమన్నారు. 1857 తిరుగుబాటు చూసి మూడేళ్లే అయింది కాబట్టి, నలుగురు ఒకచోట చేరితే ఎవరెవరో తెలియాలని తెల్లదొరకి అనిపించి ఉండొచ్చు. మీరు పుట్టింది 2001లో. మధ్యలో 141 ఏళ్లు. తాతగారి లిస్టు మీకు అలాగే వచ్చింది, దాన్ని ఏం చేయాలో ఎవరూ చెప్పినట్టు లేదు.

మీ చుట్టాల సంగతీ ఓ ముక్క. ఆదాయపు పన్ను గారు ఒకసారి ఇస్తే అలా ఉండిపోయే 12ఎ నమోదుని (ధర్మ సంస్థలకి పన్ను మినహాయింపు ఇచ్చేది) 2020లో ఐదేళ్లకోసారి పునర్జన్మగా మార్చారు. ఆ ఫారానికి గడువు ఎన్నిసార్లు పొడిగించారో మా ఆడిటరే లెక్క మర్చిపోయాడు. చిన్న సంస్థలకి పదేళ్లు చేస్తామని 2025లో కరుణించారు, సంతోషం. విదేశీ విరాళాల చట్టం గారి దగ్గరికైతే మేం వెళ్లనే లేదు. డాలస్‌లో ఉన్న మా ఊరి కుర్రాడు వంద డాలర్లు పంపిస్తానన్నాడు. వాడు భారత పౌరుడిగా ఉన్నన్నాళ్లూ అది మామూలు చందా. అమెరికా పౌరసత్వం తీసుకున్న మర్నాటి నుంచి అదే వాడి డబ్బు విదేశీ విరాళం. అప్పుడు మేం ముందు అనుమతి తెచ్చుకుని, ఢిల్లీ సంసద్ మార్గ్ స్టేట్ బ్యాంకులోనే ఖాతా తెరవాలి. ఉప్మా ఖర్చు కూడా రాదు.

2007లో కేంద్రం స్వచ్ఛంద రంగానికి ఒక జాతీయ విధానం ప్రకటించింది. సులువైన చట్టం ఒకటి తేవచ్చేమో పరిశీలిస్తామంది. పరిశీలన బాగా సాగుతోందనుకుంటాను.

దొంగలున్నారు కాబట్టే ఇవన్నీ అంటారు. ఉన్నారు, కాదనను. ఎడ్యుకేషనల్ సొసైటీ అని బోర్డు పెట్టి, లాభాపేక్ష ఏమాత్రం లేకుండా అంతస్తు మీద అంతస్తు లేపేవాళ్లు మీ కిందే ఉన్నారు. కమిటీలో భార్య, బావమరిది, కారు డ్రైవరు. వాళ్ల కాగితాల్లో మాత్రం తప్పు దొరకదు, దానికి జీతమిచ్చి మనిషిని పెట్టుకున్నారు. దొరికేది మేమే! నాలుగు పేపర్లు, ఒక క్యారమ్ బోర్డు, పోటీ పరీక్షలకి చదువుకునే తొమ్మిదిమంది పిల్లలు ఉన్న గది దొరుకుతుంది మీకు. సిగ్గనిపించదా? వేటపాలెం సారస్వత నికేతనం గ్రంథాలయం 1918లో మొదలైంది. అలాంటివి చందాలతో, ఊరివాళ్ల పట్టుదలతో లేచాయి. మా గోడ మీద గ్రంథాలయోద్యమం నడిపిన అయ్యంకి వెంకటరమణయ్య గారి ఫోటో మేకు ఊడి నెలయింది. నా డబ్బుతో కొట్టించాను. కరెంటు బిల్లూ నేనే కట్టాను. లెక్కల్లో దీన్ని అప్పుగా రాయాలా, చందాగా రాయాలా అని ఆడిటరు అడుగుతున్నాడు.

రెండు వాక్యాలు చేర్చుకోండి, చాలు. లిస్టు అందాక నెలలోపు ఎవరూ అభ్యంతరం చెప్పకపోతే అదే కమిటీ అని నమోదు చేయండి. ఆ నమోదు బ్యాంకుకి కంప్యూటర్లో కనపడేలా పెట్టండి.

నిన్న గుమాస్తా గారు మా ఫైలు తీసినప్పుడు అడుగున మా మొదటి కాగితం కనపడింది. 2003 నాటిది. ఏడు సంతకాలు. మాస్టారిది మూడోది, చివర తోకతో, కాపీ రాత పుస్తకంలోలా. దాన్ని మాత్రం ఎలక ముట్టకుండా భద్రంగా ఉంచారు. అందుకు కృతజ్ఞుణ్ణి.

సోమవారం వస్తాను. రెండేళ్ల కిందటి లిస్టు మళ్లీ రాసి, నాలుగు సెట్లు జెరాక్స్ తీయించి తెస్తాను. కాస్త ముద్ర గట్టిగా వేయమని చెప్పండి.

ఇట్లు,
కార్యదర్శి
(మీరు నిజమని రాసివ్వని లిస్టు ప్రకారం)