కొండపల్లి వాంపైరుకి పిల్లనిస్తాం

బెజవాడలో చదివేవాళ్లు కరువైపోయారని ప్రతి జనవరిలోనూ పుస్తకాల పండగ వేదికెక్కి గొంతు పూడుకుపోయే పెద్దలందరికీ ఒక శుభవార్త. జనం చదువుతున్నారు. తెగ చదువుతున్నారు. కాకపోతే ఊరంతా కలిసి ఒకే నవల చదువుతోంది. ఏలూరు రోడ్డు షాపుల్లో అడిగితే "అయిపోయిందండీ, సోమవారం రండి" అంటున్నారు. లెనిన్ సెంటర్ పాత పుస్తకాల దగ్గరా దొరకడం లేదు, కొన్నవాళ్లెవరూ అమ్మట్లేదు కాబట్టి. నవల పేరు మాత్రం చెప్పను. దానికి నా ప్రచారం అక్కర్లేదు.

కథ క్లుప్తంగా ఇదీ. అబ్బాయి వయసు 340 ఏళ్లు, చూడ్డానికి ఇరవై ఏడు. కొండపల్లి కోటలో మకాం. వాంపైరు, అంటే రక్తం తాగి బతికే దయ్యం. రక్తం తాగుతాడు గానీ చాలా మంచివాడు. అమ్మాయి మొగల్రాజపురంలో లేడీస్ హాస్టల్లో ఉండి సీఏ ఫైనల్‌కి చదువుతోంది. పౌర్ణమికి పులిగా మారేవాడు ఇంకొకడున్నాడు, ఉండవల్లి గుహల వైపు తిరుగుతుంటాడు. వాంపైరుకి అమ్మాయి కావాలి. పులికీ అమ్మాయే కావాలి. అమ్మాయికి మాత్రం రెండో గ్రూపు పాసవ్వాలి. ఈ చివరి సంగతి నవలలో చాలాసార్లు ఉంది. పాఠకుల్లో ఒక్కరి కంటా పడలేదు.

రచయిత్రి మీద నాకే ఫిర్యాదూ లేదు. వాక్యం చక్కగా రాస్తుంది. హాస్టల్ సాంబారు మీద రాసిన పేజీన్నర చదివితే మనకే కడుపులో తిప్పుతుంది. నా బాధంతా పాఠకులతో. గవర్నర్‌పేటలో ఒక హాల్లో ఈ నవల మీద పాఠకుల సభ పెట్టి, నన్నూ పిలిచి, వేదిక మీద కుర్చీ వేసి కూర్చోబెట్టారు. అందుకే ఈ వ్యాసం.

మొదట లేచింది లాజిక్ విభాగం. రిటైరైన ఫిజిక్స్ లెక్చరరుగారు మైకు అందుకుని, "వాంపైరు ఎండ తగిలితే బూడిదైపోవాలి కదా, మే నెలలో మిట్టమధ్యాహ్నం బందరు రోడ్డు మీద ఎలా నడుస్తాడండీ?" అని నిలదీశారు. రచయిత్రి తప్పేం లేదని చెప్పాల్సి వచ్చింది. 1897లో బ్రామ్ స్టోకర్ రాసిన డ్రాక్యులా ప్రభువు లండన్ వీధుల్లో పట్టపగలే తిరుగుతాడు. ఎండకి ఆవిరైపోవడం 1922లో జర్మన్ మూకీ సినిమా తగిలించిన ముచ్చట. అయినా మే నెల బందరు రోడ్డు మీద మామూలు మనుషులు ఎలా నడుస్తున్నారో ముందు ఫిజిక్సు వివరిస్తే బాగుండేది. తర్వాత గుంటూరు నుంచి వచ్చిన ఒకాయన, వాంపైర్లకి వెల్లుల్లి పడదు, పిల్ల రోజూ ఇడ్లీలో వెల్లుల్లి కారం వేసుకుంటోంది కాబట్టి ఈ ప్రేమ శాస్త్రరీత్యా చెల్లదని వాదించారు. ఆయన్ని కాఫీ ఇచ్చి కూర్చోబెట్టాం.

అసలు సభ ఆ తర్వాత మొదలైంది. రెండో వరసలో ఒక పెద్దావిడ లేచి, "అవన్నీ సరే మాస్టారూ, పెళ్లి సంగతి ఏం తేల్చారు?" అంది. హాలు హాలంతా ఒక్కసారి సర్దుకుని కూర్చుంది. సాహిత్య సభ కాస్తా సంబంధాల సభ అయిపోయింది.

"కుర్రాడికి ఏమన్నా అలవాట్లున్నాయా?"

"రక్తం తప్ప ఇంకేం ముట్టడండీ."

"మందు?"

"వాసన కూడా పడదట. నూట ఇరవయ్యో పేజీలో ఉంది."

హాల్లో సంతృప్తిగా ఒక నిట్టూర్పు. ఈ రోజుల్లో అలాంటి కుర్రాడు ఎక్కడ దొరుకుతాడండీ అని ఎవరో అన్నారు కూడా. ఆస్తి మాటొచ్చింది. తానీషా కాలంలో పుట్టినవాడు, ఇక్కడే పెరిగినవాడు, తుళ్లూరు వైపు పదెకరాలు కొని పడేయకుండా ఉంటాడా అని ఒక లెక్క. అది కూడా జరీబు భూమి, అంటే నీటి వసతి ఉన్న మాగాణి అయితే 2015లో అమరావతి రాజధాని కోసం ల్యాండ్ పూలింగ్‌కి ఇచ్చేసి ఉంటాడు కదా, ఎకరానికి మొదటి ఏడాది 50,000 కౌలు, ఏటా అయిదు వేల పెంపు, పైన ప్లాట్లు. ముందు వరసలో ఒకాయన ఫోన్ తీసి కాలిక్యులేటరులో కొట్టడం నా కళ్లారా చూశాను. కోట సంగతేంటని ఒకరు అడిగారు. అది ప్రభుత్వానిది, రిజిస్ట్రేషన్ అవ్వదు అని తెలిశాక కాస్త నిరుత్సాహపడ్డారు గానీ, "అత్తమామలు మూడొందల ఏళ్ల కిందటే పోయారు కదా, పిల్లకి ఏ పోరూ ఉండదు" అనే సరికి మళ్లీ తేరుకున్నారు. వయసు తేడా మూడొందల చిల్లర ఏళ్లు ఉంది కదా అని నేను నసిగాను. "మగవాడికి వయసేంటండీ" అని నాలుగు గొంతులు ఒకేసారి నన్ను కూర్చోబెట్టాయి. జాతకం కలపడానికి పుట్టిన టైము దొరకదేమోనని కాసేపు దిగులుపడ్డారు.

ఇక "ఇంతకీ కుర్రాడు మనవాళ్లేనా?" అన్న ప్రశ్న. అది మాత్రం మైకు ఆపి అడిగారు.

ఇంతవరకూ నేనూ నవ్వుతూనే ఉన్నాను. పుస్తకంలో బొమ్మల్ని కూడా ఇంటి అల్లుళ్లుగా చూసుకునే ఊరు, ముచ్చటగానే ఉంది. తర్వాత అందరికీ నచ్చిన ఘట్టం చదివి వినిపించమన్నారు. కిటికీ ఘట్టం.

వాంపైరు ప్రతి రాత్రీ హాస్టల్ రెండో అంతస్తు కిటికీలోంచి గదిలోకి దూరి, నిద్రపోతున్న పిల్లని తెల్లారే దాకా నిలబడి చూస్తాడు. పిల్లకి తెలియదు. ఒకరోజు మెలకువ వచ్చి చూసి కేక పెడుతుంది. వార్డెన్ ఆంటీ చీపురు కర్రతో పరిగెత్తుకొస్తుంది. మర్నాడు పిల్ల అతనికి ఎదురుపడి, "ఇంకోసారి రావద్దు. నాకు ఇష్టం లేదు" అని మొహం మీదే చెప్తుంది. ఆ రాత్రి అతను మళ్లీ వస్తాడు. చప్పట్లు. ఈ చప్పట్లు నవలలో లేవు, హాల్లో కొట్టారు.

"ఎంత డీసెంటు! కనీసం ముట్టుకోలేదు" అని ఒకరు. "అదీ ప్రేమంటే. వద్దన్నా వదలకపోవడం" అని ఇంకొకరు. "ఆ పిల్లకే పొగరు. అంతటివాడు అన్నిసార్లు వస్తే కనికరం లేదు" అని ఒక పెద్దాయన. ఆయన్ని నేనెరుగుదును. తన ఇంటి గేటుకి మూడు సీసీ కెమెరాలు పెట్టించుకున్నాడు, కరివేపాకు కోసుకుపోతున్నారని. నవల మొత్తంలో మీకు నచ్చని పాత్ర ఎవరని అడిగితే అత్యధికుల ఓటు వార్డెన్ ఆంటీకి పడింది. ఇలాంటి నవలలు చదివి ఆడపిల్లలు చెడిపోతున్నారని బయట గుండెలు బాదుకునేవాళ్లకి ఒక మాట: ఆ హాల్లో కిటికీ ఘట్టానికి అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టింది ఆడపిల్లలు కాదు, ఆడపిల్లల తండ్రులు.

ఆడది ఇష్టం లేదని స్పష్టంగా చెప్పాక కూడా వెంటపడితే నేరమని 2013లో ఐపీసీలో 354డి సెక్షన్ చేర్చారు. 2024 జులై 1 నుంచి అది భారతీయ న్యాయ సంహితలో 78వ సెక్షన్. మొదటిసారికి మూడేళ్ల దాకా జైలు, మళ్లీ చేస్తే అయిదేళ్ల దాకా. 340 ఏళ్లు బతికినవాడికి అయిదేళ్లు ఒక లెక్కా అని మీరు నవ్వొచ్చు. నాకు నవ్వు రావట్లేదు. 2021 స్వాతంత్ర్య దినోత్సవం నాడు గుంటూరులో పట్టపగలు, నడిరోడ్డు మీద, ఒక ఇంజనీరింగ్ విద్యార్థినిని పొడిచి చంపాడొకడు. ప్రేమించమని వెంటపడ్డాడు, ఆ పిల్ల కాదంది. అంతే ఆ పిల్ల చేసిన నేరం. మర్నాడు కొవ్వొత్తులు పట్టుకుని నడిచింది మనమే కదా? మనలో ఎంతమంది ఆ హాల్లో కూర్చుని "వద్దన్నా వదలకపోవడమే ప్రేమ" అన్న మాటకి చప్పట్లు కొట్టారు? సిగ్గు లేదా మనకి? కోరలున్నవాడు చేస్తే శృంగారం, కత్తి ఉన్నవాడు చేస్తే ఉన్మాదమా? ఇద్దరికీ మొదటి రోజు నుంచి చప్పట్లు కొట్టి, "అంతటివాడు తిరుగుతుంటే నీకేం రోగం" అని పిల్లనే తిట్టినవాళ్లం మనమే.

ఇవన్నీ తెల్లవాళ్ల దయ్యాలు, మన సాహిత్యంలో ఇలాంటివి లేవని చివర్లో ఒక పండితుడుగారు ముక్తాయించారు. ఉన్నాయి స్వామీ. పెద్దన మనుచరిత్ర తమరే కాలేజీలో పాఠం చెప్పారు. కోరిన చోటికి చేర్చే పాదలేపం పూసుకుని హిమాలయాలకి వెళ్లిన ప్రవరుణ్ణి వరూధిని వలచింది. ఆమె దేవకన్య, అప్సరస. అతను వద్దన్నాడు. వద్దన్నాడని మన పండితులు ఎవరూ అతనికి పొగరనలేదు. నిష్ఠ అన్నారు, నిగ్రహం అన్నారు, పద్యాలు కంఠతా పట్టారు. అతను వేడుకుంటే సాక్షాత్తూ అగ్నిదేవుడే కరుణించి ఇంటికి చేర్చాడు. మగవాడి 'వద్దు'కి అంత విలువ. తర్వాత ఒక గంధర్వుడు ప్రవరుడి వేషం వేసుకొచ్చి వరూధినిని మోసం చేశాడు. వీడు వాడు కాదమ్మా అని ఆమెకి చెప్పడానికి ఏ దేవుడికీ తీరిక దొరకలేదు. అయిదొందల ఏళ్ల కిందటి ఆ లెక్క ఇప్పటికీ మనం మార్చుకోలేదు. మొగల్రాజపురం పిల్ల వద్దంటే మాత్రం పొగరు.

ఇప్పుడు ఊళ్లో కుర్రకారు రెండు జట్లుగా చీలిపోయింది. వాంపైరు జట్టు నల్ల టీ షర్టులు, పులి జట్టు పసుపు టీ షర్టులు. బీసెంట్ రోడ్డులో రెండూ అమ్ముతున్నారు. నన్ను ఏ జట్టని అడుగుతున్నారు. నేను వార్డెన్ ఆంటీ జట్టు. ఆ నవలలో పిల్ల కేక విని లేచి వచ్చింది ఆవిడ ఒక్కతే. "కలగన్నావేమో" అనలేదు. "నువ్వెందుకు కిటికీ తీసి పడుకున్నావ్" అనలేదు. మర్నాడు పొద్దున్నే వెల్డింగ్ మనిషిని పిలిపించి, యజమానితో గొడవపడి, సొంత డబ్బులతో కిటికీకి ఇనప గ్రిల్ వేయించింది. ఆవిడ కోసం ఎవరూ టీ షర్టు కొట్టించలేదు.

రెండో భాగంలో ఆవిడకి ఒక అధ్యాయమన్నా ఇవ్వండమ్మా అని సభ అయ్యాక రచయిత్రిని పక్కకి పిలిచి అడిగాను. ఆమె ఇబ్బందిగా నవ్వింది. పాఠకులు పోరుతున్నారట, పబ్లిషరు కూడా అదే మాట అంటున్నాడట. రెండో భాగం మొదటి పేజీలోనే వార్డెన్ ఆంటీని ఉద్యోగంలోంచి తీసేసి, గ్రిల్ పీకించేసిందట.