సవరణ: మళ్లీ చదవడమా, గుర్తుచేసుకోవడమా

పుస్తకం మూసి గుర్తుచేసుకోవడం మళ్లీ చదవడం కన్నా ‘ఎప్పుడైనా’ మేలని మొన్న రాశాను. ఆ ‘ఎప్పుడైనా’ తప్పు, పొరపాటు నాదే. మనస్తత్వ శాస్త్రవేత్తలు రోడిగర్, కార్పికీ 2006లో ప్రచురించిన ప్రయోగ ఫలితాల్లో, 5 నిమిషాలకే పరీక్ష పెడితే మళ్లీ చదివిన పాఠమే ఎక్కువ గుర్తుంది: అది 81 శాతం, గుర్తుచేసుకుని రాసిన పాఠం 75. రెండు రోజులకే లెక్క తిరగబడింది: 54, 68. వారానికి 42, 56. అంటే కొద్ది నిమిషాల్లో పరీక్ష ఉంటే చదవండి, వచ్చే వారమైతే మూసి రాయండి.

ఇంకో మాట. ‘గుర్తుచేసుకోవడం’ అంటే నాలుగు జవాబుల్లో సరైనదాన్ని గుర్తుపట్టడమని కొందరు అనుకున్నారు. కాదు. అక్కడ విద్యార్థులు 7 నిమిషాలు పాఠం చదివి, మరో 7 నిమిషాలు పాఠం చూడకుండా గుర్తున్నదంతా కాగితం మీద రాశారు. జ్ఞాపకంలోంచి వెలికితీసే ఆ శ్రమే అసలు సంగతి.