నాడికి సున్నా, నమోదుకు ఇరవై

వైద్యరంగాన్ని ఇన్నాళ్లుగా పీడిస్తున్న అసలు జబ్బేమిటో కేంద్ర ప్రభుత్వం కనిపెట్టింది. డాక్టర్ల కొరతా కాదు, మందుల ధరలూ కాదు. రోగి వివరాలు కంప్యూటర్లో ఎక్కించడానికి ఆసుపత్రులకు ఉత్సాహం లేకపోవడం. నీరసించిన ఉత్సాహానికి మన దేశంలో తరతరాలుగా ఒకటే మందు. ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్ వారు 2023 జనవరి నుంచి దాన్నే రాసిచ్చారు. రికార్డు తయారుచేసి రోగి ఆరోగ్య ఖాతాకు ఇచ్చే 14 అంకెల ఆభా నంబరుకు జతచేస్తే, నిర్ణీత సంఖ్య దాటాక ఒక్కో లావాదేవీకి ఆసుపత్రికి 20 రూపాయలు ఇస్తామన్నారు. అలా పోగుచేసుకుంటూ పోతే 4 కోట్ల వరకు.

లావాదేవీ అన్న మాట గమనించారా? నిన్నటిదాకా దగ్గు దగ్గుగా, జ్వరం జ్వరంగా అనామకంగా బతికాయి. ఇప్పుడు వాటికి హోదా వచ్చింది. నాడి పట్టుకున్నందుకు మాత్రం ఈ పథకంలో పైసా పెట్టలేదు. ఆ రికార్డును రేపు మరో డాక్టరు తెరిచి చదివినందుకూ లేదు. చదువు విద్యాశాఖ పరిధిలోకి వస్తుంది కాబోలు.

మొన్న మా పెద్దమ్మను ఒక ఆసుపత్రికి తీసుకువెళ్లాను. ఆమె చేతిలో చీరల దుకాణం వారి పాత సంచి, అందులో పన్నెండేళ్ల వైద్య చరిత్ర: మడతల దగ్గర చిరిగిన చీటీలు, గీతలు వెలిసిపోయిన ఈసీజీ, ఎవరిదో తెలియని ఒక ఎక్స్‌రే. కౌంటరులోని అమ్మాయి సంచి వంక చూడనైనా చూడకుండా, ‘ఓటీపీ చెప్పండమ్మా’ అంది. ఆధార్‌కు ఇచ్చిన ఫోను నంబరు బెంగళూరులో ఉన్న అన్నయ్యది. ఆయన మీటింగులో ఉన్నాడు. ఆయన చెప్పేలోపే రెండుసార్లు గడువు తీరిపోయింది. ఈలోగా పెద్దమ్మ తన మోకాళ్ల కథంతా వెనక నిలబడిన పెద్దాయనకు చెప్పేసింది. ఆయన ఏ ప్రోత్సాహకమూ లేకుండానే చివరిదాకా విన్నాడు.

డాక్టరుగారు తెర మీంచి చూపు తిప్పకుండానే ఏ మోకాలని అడిగారు. ‘రెండూ బాబూ’ అంది పెద్దమ్మ. తెర మీద ఎడమ, కుడి అని రెండు గళ్లున్నాయి గాని, ఒకటి నొక్కితే రెండోది చెరిగిపోతోంది. ఆయన కాసేపు ఆలోచించి ఎడమ నొక్కారు.

ఈ దారిలో అమెరికా మనకంటే చాలా ముందుంది. 2009లోనే చట్టం చేసి, మెడికేర్ అనే వృద్ధుల ప్రభుత్వ బీమా ఉన్న రోగులను చూసే ఒక్కో డాక్టరుకు 44,000 డాలర్ల దాకా ముట్టజెప్పింది. మాట వినని వారికి 2015 నుంచి చెల్లింపుల్లో కోత పెట్టింది. కంప్యూటరు కొని మూల పెడితే కుదరదు, ‘అర్థవంతమైన వినియోగం’ చూపించాలన్నది షరతు. డాక్టర్లు అర్థవంతంగా టైపు కొట్టీ కొట్టీ వేళ్లు నొప్పి పుట్టి, చివరికి ఆ పనికి లేఖకులను పెట్టుకున్నారు. అందులో కొంత పని సముద్రాలు దాటి మన హైదరాబాదుకూ వచ్చింది. అక్కడి రోగి నడుంనొప్పిని ఇక్కడ నైట్ షిఫ్టు కుర్రాడు ఆవులిస్తూ రాసుకుంటాడు. ఇంత ఖర్చు చేశాక తేలింది ఏమిటంటే, రికార్డులన్నీ కంప్యూటర్లలోనే ఉన్నాయి గాని ఒకరివి ఒకరికి ఇవ్వరు. రికార్డు వెళితే దాని వెనకే రోగీ వెళతాడని భయం. అలా బిగబట్టడం తప్పని చెప్పడానికి 2016లో ఇంకో చట్టం కావలసి వచ్చింది.

మన దగ్గర అంత ఇబ్బంది లేదు. ఇవ్వడానికి ఎవరైనా సిద్ధమే. పుచ్చుకునేవారే లేరు. నెల తిరగకముందే పెద్దమ్మను రెండో ఆసుపత్రికి తీసుకువెళ్లి, రిపోర్టులన్నీ ఫోనులోనే ఉన్నాయని కాస్త గర్వంగానే చెప్పాను. ‘అవి ఉండనివ్వండి. మా ల్యాబులో చేయించినవైతేనే చూస్తాం’ అన్నారు. అదే రక్తం, అవే పరీక్షలు, నాలుగు వేల చిల్లర బిల్లు.

మొదట ఒళ్లు మండింది. తర్వాత తీరిగ్గా లెక్క వేసుకున్నాను. పరీక్ష రెండుసార్లు చేస్తే రికార్డులు రెండు, లావాదేవీలూ రెండు. పథకం ఎంత ముందుచూపుతో రాశారో అప్పుడు తెలిసింది. పైగా ఈ డాక్టరుగారు కుడి మోకాలు నొక్కారు. ఇప్పుడు పెద్దమ్మ ఆభా ఖాతాలో రెండు మోకాళ్లూ ఉన్నాయి.