నూట పదహార్ల నిర్మాత

మా మేనల్లుడు చేస్తున్న వీడియో గేమ్‌కు నల్గొండ గడియారం సెంటర్ దగ్గరి సిమెంటు దుకాణం సేటు గారు పెట్టుబడి పెట్టారు. అక్షరాలా నూట పదహారు రూపాయలు. ఫోన్‌పేలో. ఆ క్షణం నుంచి ఆయనే నిర్మాత.

మొదటి వారం రోజూ ఫోన్. "ఏడిదాక వచ్చింది పిల్లగా?" రెండో వారం సలహాలు. హీరోకు బుల్లెట్ బండి ఉండాలి. దాని మీద సేటు గారి అల్లుడు కూర్చోవాలి. అసలు అల్లుడికి మీసం లేకపోయినా ఆటలో ఉండాలి. దసరాకు రిలీజ్ కావాలి. ఏ దసరా అని మావాడు అడగబోతే నేనే కాలు తొక్కాను. మూడో వారం దుకాణం ముందు పదిమందిలో లెక్క చెప్పమన్నారు. మావాడు నోట్‌బుక్ తీసి చదివాడు: ఆటను స్టీమ్ అనే ఆన్‌లైన్ గేమ్‌ల దుకాణంలో పెట్టాలంటే 100 డాలర్లు, అమ్మకాల్లో 30 శాతం వాళ్లకే, మ్యూజిక్ చేసే పిల్లవాడికి ఇంతవరకు చాయ్‌లు. సేటు గారు శ్రద్ధగా విని, "మరి నా నూట పదహార్లు ఏడ వెట్టినవ్?" అన్నారు.

2012లో అమెరికాలో డబుల్ ఫైన్ అనే గేమ్ కంపెనీ వాళ్లు కిక్‌స్టార్టర్ అనే చందాల వెబ్‌సైట్‌లో 4 లక్షల డాలర్లు అడిగితే 33 లక్షలు వచ్చాయి. అవీ చాలక ఆటను రెండు ముక్కలు చేసి ఇచ్చారు. అక్కడ అడిగినంత రాకపోతే ఎవరి డబ్బూ కదలదు. వాట్సాప్‌లో క్యూఆర్ కోడ్ పెట్టిన మావాడికి ఆ సుఖమూ లేదు. గేమ్ అనగానే సగం మంది రమ్మీ అనుకున్నారు. అది మన దగ్గర 2017లోనే నిషేధమని కొందరు హెచ్చరించారు, ఇద్దరు లింకు అడిగారు.

వినాయకుడి చందాకు మాత్రం సేటు గారు 11,116 రాశారు. లెక్క చెప్పమని వినాయకుణ్ని అడగలేదు.

నిన్న మావాడు ఆట చూపించాడు. మర్రిగూడలాంటి ఊళ్లో ఒకామె బోరింగు నీళ్లు మోస్తుంది. తాగిన కొద్దీ నడక నెమ్మదిస్తుంది. మెడ తిప్పాలంటే ఒళ్లంతా తిప్పాలి.

"గీ ఫ్లోరైడ్ ముచ్చట ఇంకెన్నేండ్లు? బాంబులు వెట్టు" అన్నాడు సేటు. అవును, అన్నాడు. ఇక గారు లేదు. నీళ్లలో ఫ్లోరైడ్ తీసే పద్ధతికి 'నల్గొండ టెక్నిక్' అని మన ఊరి పేరే పెట్టారు, ఆ ఊళ్లో సిమెంటు అమ్ముకునే నీకు ఇది ముచ్చటా? ఆ నడక వాడు ఎవరిని చూసి గీశాడో తెలుసా? వాళ్లమ్మను చూసి. మా అక్కను చూసి.

వంద నోటు, పది నోటు, చిల్లర ఆరు తీసి కౌంటర్ మీద కొట్టాను.

లెక్కపెట్టుకుని, "మిత్తి?" అన్నాడు.