కరకట్టకు ప్రభుత్వమే గండి కొట్టింది.. ఊరు మిగిలింది

కట్టకు గండి పడితే జనం ఇసుక బస్తాలతో పరుగెత్తడం ఎక్కడైనా చూసేదే. ఇంగ్లాండ్‌లోని సోమర్సెట్ కౌంటీలో 2014 సెప్టెంబర్‌లో దీనికి పూర్తిగా తలకిందులుగా జరిగింది. పారెట్ నది సముద్రంలో కలిసే మొగ దగ్గర స్టియర్ట్ అనే చిన్న ఊరుంది. ఆ ఊరి పక్కనున్న కరకట్టను ఎన్విరాన్‌మెంట్ ఏజెన్సీ అనే ప్రభుత్వ సంస్థే సుమారు 200 మీటర్ల మేర తవ్వించింది. పోటు నీళ్లు పొలాల్లోకి వచ్చాయి. రావాలనే తవ్వారు.

స్టియర్ట్ అంటే పెద్దగా ఏమీ లేదు. ఒకే రోడ్డు, దాని వెంబడి కొద్దిపాటి ఇళ్లు, ఒకవైపు నది, ఇంకోవైపు బ్రిడ్జ్‌వాటర్ బే. కానీ అక్కడి నీళ్లు మామూలువి కావు. ఆ బే కలిసి ఉండే సెవర్న్ నది మొగ, ప్రపంచంలోకెల్లా పెద్ద ఆటుపోట్లున్న చోట్లలో ఒకటి. పెద్ద పోటు రోజుల్లో కొన్నిచోట్ల నీటిమట్టం 14 మీటర్ల దాకా లేచి పడుతుంది, అంటే నాలుగంతస్తుల మేడంత. నీరు తీసినప్పుడు కిలోమీటర్ల కొద్దీ బురద బయటపడుతుంది. పక్కనే ఉన్న స్టోల్‌ఫర్డ్‌లో జాలర్లు తరతరాలుగా ఆ బురద మీద చెక్క బల్లను తోసుకుంటూ వెళ్లి వలల్లో పడ్డ చేపలు ఏరుకొచ్చేవాళ్లు. ఆ బల్లను వాళ్లు 'బురద గుర్రం' అంటారు. ఇక వరదల సంగతి. 1607 జనవరిలో ఈ తీరాన్ని ముంచిన ఉప్పెనలో రెండు వేల మంది దాకా చనిపోయారని అంచనా. 1981 డిసెంబర్ తుపానులోనూ సోమర్సెట్ తీరం మునిగింది.

మరి ఇలాంటి చోట కట్టను తెంచడమేంటి? పక్షుల మీద ప్రేమతో చేశారని కొందరు, వాతావరణ మార్పుకు ముందుచూపుతో చేశారని కొందరు రాశారు. రెండూ కొంత నిజమే కావచ్చు, కానీ అసలు పట్టుబట్టింది చట్టం. సముద్రమట్టం పెరిగే కొద్దీ ఒడ్డునుండే ఉప్పు చిత్తడి నేల మెల్లగా లోపలికి జరగాలని చూస్తుంది. వెనక కరకట్ట ఉంటే జరగడానికి చోటుండదు, అలా నలిగి కుంచించుకుపోతుంది. ఊళ్లనూ పట్టణాలనూ కాపాడాలంటే కట్టలు ఉంచక తప్పదు. అయితే సెవర్న్ మొగ పక్షులకు ఆవాసమైన రక్షిత ప్రాంతం. యూరోపియన్ యూనియన్ 1992లో తెచ్చిన ఆవాసాల చట్టం ప్రకారం, కట్టల వల్ల ఇక్కడ ఎంత చిత్తడి పోతే అంతా మరోచోట చేసిపెట్టాలి. బ్రిటన్ యూనియన్ నుంచి బయటికొచ్చినా ఆ నిబంధన దేశ చట్టంలో ఉండిపోయింది. పల్లపు నేల, తక్కువ ఇళ్లు, ఎలాగూ మరమ్మతుకొచ్చిన కట్ట ఉన్న స్టియర్ట్ దానికి సరిగ్గా సరిపోయింది.

పని మాత్రం పద్ధతిగా చేశారు. గండి కొట్టడానికి ముందే ఊరికి అండగా లోపలివైపు కొత్త కట్టలు కట్టారు. ఊళ్లోకి వెళ్లే ఏకైక దారికి రక్షణ కల్పించారు. నీళ్లు సాఫీగా వచ్చి పోయేలా కాలువలు తవ్వారు, ఆ మట్టినే కట్టలకు వాడారు. వెయ్యి ఎకరాలకు పైగా నేల, దాదాపు 2 కోట్ల పౌండ్ల ఖర్చు. ఇప్పుడక్కడ పశువులు మేస్తున్నాయి, ఎవోసెట్ పక్షులు గూళ్లు పెడుతున్నాయి. పోటుతో వచ్చే ఒండ్రు ఊహించనంత వేగంగా పేరుకుంది. నిర్మాణ పనుల్లో వెలువడిన కార్బన్ కంటే ఆ ఒండ్రులో చేరిన కార్బనే ఎక్కువని మాంచెస్టర్ మెట్రోపాలిటన్ యూనివర్సిటీ పరిశోధకులు లెక్కగట్టారు. చిత్తడి అలల జోరును కూడా తగ్గిస్తుంది కాబట్టి వెనకున్న కట్ట మీద భారం తగ్గింది.

కానీ టైమింగే అస్సలు కుదరలేదు. పనులు ముగింపుకొస్తున్న 2013-14 శీతాకాలంలోనే సోమర్సెట్ లెవెల్స్ అనే పల్లపు ప్రాంతం వారాల తరబడి మునిగింది. మచెల్నీ ఊరికి దారి తెగిపోయి జనం పడవల్లో తిరిగారు. పారెట్, టోన్ నదుల్లో పూడిక తీయమని ఏళ్లుగా మొత్తుకున్నా డబ్బుల్లేవన్నారని, అదే ఏజెన్సీ నది చివర పక్షుల కోసం కోట్లు పోస్తోందని రైతులు మండిపడ్డారు. అప్పటి బ్రిడ్జ్‌వాటర్ ఎంపీ ఇయాన్ లిడెల్-గ్రెయింజర్ ఈ ప్రాజెక్టును గట్టిగా విమర్శించారు. సాంకేతికంగా చూస్తే ఆ కోపంలో పస తక్కువ. నది మొగలో చేసిన చిత్తడి ఎగువనున్న లెవెల్స్‌ను ముంచలేదు. కానీ రైతులు అడిగింది సాంకేతిక ప్రశ్న కాదు. పక్షులకు రాసిపెట్టి ఉన్న హక్కు మాకెందుకు లేదన్నది వాళ్ల గోడు. దానికి జవాబు ఇప్పటికీ రాలేదు.

నార్ఫోక్ తీరంలోని హేజ్‌బరాను చూస్తే ఈ తేడా తెలుస్తుంది. అక్కడ కొండచరియ కోతకు ఇళ్లు ఒక్కొక్కటే సముద్రం పాలయ్యాయి. ఇంగ్లాండ్‌లో కోత వల్ల ఇల్లు పోతే యజమానికి పరిహారం ఇవ్వాలన్న చట్టం లేదు. 2009 తర్వాత 'పాత్‌ఫైండర్' పథకం కింద అంచున మిగిలిన కొన్ని ఇళ్లను స్థానిక కౌన్సిల్ కొని కూల్చింది. అది ఒక ప్రయోగం, హక్కు కాదు. పథకం అయిపోయింది, తర్వాతి ఇంటివాళ్లు మళ్లీ మొదటికొచ్చారు. పోయిన చిత్తడికి బదులు చిత్తడి ఇవ్వాలని చట్టం చెబుతోంది, పోయిన ఇంటికి బదులు ఏమీ చెప్పడం లేదు. పక్షుల హక్కు తగ్గించమని నేననడం లేదు. చట్టంలో ఆ వాక్యం పక్కనే ఇంకో వాక్యం చేర్చాలి, అంతే. తీరాన్ని వదిలేయాలని ప్రభుత్వం నిర్ణయిస్తే, వదిలేసిన ఇంటికి విలువ కట్టి ఇవ్వాలి. స్టియర్ట్ జనం నిలబడ్డారంటే వాళ్ల ఇళ్లు అదృష్టవశాత్తూ పక్షుల లెక్కలోకి వచ్చాయి కాబట్టే.

ఈ లెక్క కంపెనీల చేతికి వెళ్తే ఏమవుతుందో కూడా అదే మొగలో చూశాం. స్టియర్ట్‌కు పడమట హింక్లీ పాయింట్ సి అణు విద్యుత్ కేంద్రం కడుతున్న ఈడీఎఫ్ అనే కంపెనీ, చల్లార్చే నీటి గొట్టాల్లోకి చేపలు రాకుండా శబ్దంతో తరిమే పరికరం పెడతానని 2013లో అనుమతి తీసుకుంది. తర్వాత అది కష్టం, ప్రమాదకరం అంటూ, బదులుగా చిత్తడి చేసిస్తానంది. అందుకు చూపించిన చోటు పారెట్‌కు అవతలి ఒడ్డున, స్టియర్ట్‌కు కొద్ది దూరంలోనే ఉన్న పాలెట్ హామ్స్ పచ్చిక బయళ్లు. స్టియర్ట్‌ను చూసి సంబరపడి ఒప్పుకుంటారనుకుంటే, స్థానికులు ససేమిరా అన్నారు. అక్కడ కాపాడాల్సిన చిత్తడి ఏదీ నలిగిపోలేదు. ఒక కంపెనీ ఇచ్చిన మాట తప్పడానికి తమ పొలాలు మునగాలా అన్నారు. న్యాయమైన ప్రశ్నే. 2024లో ఈడీఎఫ్ ఆ చోటు వదిలేసి, సెవర్న్ వెంబడి కింగ్‌స్టన్ సీమోర్, ఆర్లింగమ్ లాంటి వేరే ఊళ్ల వైపు చూసింది. టెన్షన్ ఇక్కడి నుంచి అక్కడికి మారిందంతే. చివరికి 2025లో కొత్త రకం శబ్ద పరికరం పరీక్షల్లో బాగా పనిచేసిందని, చిత్తడి అక్కర్లేకపోవచ్చని కంపెనీయే చెప్పింది.