ఇథియోపియాను ఉద్ధరించడానికి వెళ్ళిన నా వైనం

పరాయి దేశంలో ఏళ్ళ తరబడి సేవ చేయడానికి వెళ్ళేవాడు, ఆ దేశంలో ఏమేం లోపాలున్నాయో దిగిన మొదటి వారంలోనే తేల్చి రాసేయాలి. ఆలస్యం చేస్తే పని చెడుతుంది. రెండో వారానికల్లా వాళ్ళ లోపాలు కనబడటం మానేసి మనవి బయటపడుతుంటాయి. అనుభవం మీద చెబుతున్నాను, కాస్త గౌరవంగా వినండి.

నేను 2023 జూలైలో ఇథియోపియా వెళ్ళాను, రెండేళ్ళ ఒప్పందం మీద, ఒక కాలేజీలో కంప్యూటర్ పాఠాలు చెప్పడానికి. వాలంటీరుగా వెళ్తున్నానంటే మా నాన్నమ్మ చాలాసేపు ఆలోచించింది. ఆవిడకు తెలిసిన వాలంటీరు ఒకడే, అప్పట్లో ఒకటో తారీఖు పొద్దున్నే తలుపు కొట్టి పింఛను చేతిలో పెట్టే కుర్రాడు. "పింఛన్లివ్వడానికి మరీ అంత దూరం వేశారేంట్రా, మన మండలంలో ఖాళీల్లేవా?" అంది. పెదనాన్న జీతమెంత అన్నాడు. జీతముండదు, తిండికీ అద్దెకీ ఇస్తారన్నాను. "అమెరికా వీసా రాలేదా పాపం" అని భుజం తట్టి వెళ్ళిపోయాడు. అమ్మ మాత్రం వీధిలో అందరికీ అబ్బాయి అబ్రాడ్‌లో ఉన్నాడని చెప్పుకుంది. అందులో ఒక్క అక్షరం అబద్ధం లేదు.

ఆ దేశపు టూరిజం వాళ్ళు ఏళ్ళ తరబడి వాడిన నినాదం 'పదమూడు నెలల ఎండ'. నిజంగానే వాళ్ళ క్యాలెండర్‌లో నెలలు పదమూడు, ముప్ఫై రోజులవి పన్నెండూ, చివర్లో అయిదారు రోజుల బుల్లి నెల ఒకటీ. ఆఫ్రికా కదా, ఎండ కదా అని పల్చటి చొక్కాలూ, సన్‌స్క్రీన్ ట్యూబులు మూడూ సర్దుకుని అడిస్ అబాబాలో దిగితే జోరున వాన, పళ్ళు టకటకలాడే చలి. అక్కడ జూలై అంటే నడివానాకాలం. ఊరేమో సముద్రమట్టానికి 2,300 మీటర్ల పైన, అరకు లోయకి రెట్టింపు పైమాటే. సూట్‌కేసుతో మొదటి అంతస్తు ఎక్కేసరికే ఊపిరాడక మెట్ల మీద కూలబడ్డాను. గేటు దగ్గర కాపలా ఉండే పెద్దాయన వచ్చి, ఒక చేత్తో సూట్‌కేసునీ ఇంకో చేత్తో నన్నూ పట్టుకుని పైకి చేర్చాడు. "అయ్‌జొహ్" అన్నాడు. ధైర్యంగా ఉండు నాయనా అని అర్థమట. ఇంటి ఓనరమ్మ గాబీ అనే దళసరి నేత దుప్పటి తెచ్చి కప్పింది. సేవా కార్యక్రమం ఆ విధంగా మొదలైంది, ఎటునుంచి ఎటు అన్నది వేరే సంగతి.

అసలు దెబ్బ గడియారం దగ్గర తగిలింది. కాలేజీలో మొదటి మీటింగు రెండు గంటలకన్నారు. నేను భోంచేసి, ఇస్త్రీ చొక్కా వేసుకుని, అయిదు నిమిషాల ముందే చేరాను. ఎవరూ లేరు. రెండున్నరయింది, మూడయింది. ఆ ఖాళీ గదిలో కూర్చుని ఆ జాతి మొత్తానికి సమయపాలన లేదని నిర్ధారించి, దాని మీద మూడు రోజుల శిక్షణ శిబిరానికి ప్లాను కూడా రాసేశాను, టీ బిస్కెట్ల ఖర్చుతో సహా. తీరా చూస్తే అక్కడ గంటలు పొద్దుపొడుపు నుంచి లెక్క. మన ఏడు వాళ్ళకి ఒకటి, మన ఎనిమిది వాళ్ళకి రెండు. ప్రిన్సిపాల్‌తో సహా పద్నాలుగు మంది పొద్దున్న ఎనిమిదింటికే వచ్చి, పదిన్నర దాకా నాకోసం కూర్చుని, కొత్తవాడు దారి తప్పాడేమోనని ఇద్దర్ని వెతకడానికి కూడా పంపారు. మర్నాడు ఒక్కరూ విసుక్కోలేదు. అందరూ అయ్‌జొహ్ అన్నారు. (మన ఘడియలు కూడా సూర్యోదయం నుంచే కదా లెక్క, పంచాంగం చూడందే గడప దాటని ఇంట్లో పుట్టినవాడికి ఇది తట్టాలి. తట్టలేదు.) ఆ శిబిరం ప్లాను ఇంకా నా దగ్గరే ఉంది, మన ఆఫీసుల్లో ఎవరికైనా పనికొస్తే ఉచితంగా ఇస్తాను.

ఏడాది సంగతీ అంతే. నేను దిగేనాటికి అక్కడ 2015 నడుస్తోంది. పాస్‌పోర్టులో ఉన్న పుట్టిన సంవత్సరాన్ని అందులోంచి తీసేస్తే నా వయసు ఎనిమిదేళ్ళు తగ్గిందని ఫోన్లో అమ్మతో సరదాకన్నాను. ఆ మాట కాగితం మీద రాసిస్తారేమో కనుక్కోమంది, సంబంధాలు చూసేవాళ్ళకి చూపించడానికి.

కానుకగా ఏం పట్టుకెళ్ళానో చెప్పాలంటే సిగ్గేస్తోంది. కాఫీ పొడి. చికోరీ కలిపింది, అరకిలో. అరబికా కాఫీ పుట్టిన నేలకి! పుట్టింటి గొప్పలు మేనమామ దగ్గర చెప్పినట్టు, ఫిల్టర్ కాఫీ ఎలా పెట్టాలో ఓనరమ్మకి సైగలతో ఇరవై నిమిషాలు వివరించాను. ఆవిడ ఓపిగ్గా విని, పచ్చి గింజలు తెచ్చి కడిగి, నా ఎదురుగానే వేయించి, ఆ పొగ నా ముఖానికి తగిలేలా పెనం తిప్పి, దంచి, జెబెనా అనే మట్టికూజాలో కాచి పోసింది. ఒకసారి కాదు, మూడు విడతలు, ఒక్కోదానికి ఒక్కో పేరు: అబోల్, తోనా, బరకా. మూడోది తాగకుండా లేస్తే బాగుండదు. గంటన్నర పట్టింది. నా పొట్లం ఇంకా విప్పలేదు.

తిండికి బెంగే లేకపోయింది. అక్కడి ఆర్థడాక్స్ క్రైస్తవులు బుధ, శుక్రవారాలు ఉపవాసమని మాంసం, పాలు, గుడ్లు ఏవీ ముట్టరు. టెఫ్ అనే చిరుధాన్యం పిండిని పులియబెట్టి పోసిన అట్టు, ఇంజెరా, దాని మీద పప్పూ ఆకుకూరా వడ్డిస్తారు. పైగా ముద్ద చుట్టి స్వయంగా మన నోట్లో పెడతారు, గుర్షా అంటారు దాన్ని. అంతకుముందు నాకలా పెట్టింది నాన్నమ్మే, అదీ రెండో తరగతి దాకా.

నా ఒప్పందంలో 'వెనకబడిన దేశానికి చేయూత' అని ఒక ముక్క ఉంది. మినీబస్సులో పక్కన కూర్చున్న ఓ ముసలాయన, నాది ఇండియా అని తెలిసి, వాళ్ళ పాత చక్రవర్తి హైలే సెలాసీ కాలంలో తనకు లెక్కలు చెప్పింది ఇండియా మాస్టారేనని మురిసిపోయాడు. అంటే నేను మొదటివాణ్ణి కూడా కాదన్నమాట. తర్వాత, 1896లో మేం అద్వా దగ్గర ఇటలీ సైన్యాన్ని తరిమికొట్టాం, అప్పుడు మీరేం చేస్తున్నారని అడిగాడు, ఏమీ ఎరగనట్టు. దొరగారికి శిస్తు కడుతున్నామని చెప్పలేక, కిటికీలోంచి వాన చూస్తూ కూర్చున్నాను.

సాయంత్రాలు ఓనరమ్మ మనవరాలు నాకు అక్షరాలు దిద్దించేది. వాళ్ళ లిపికీ గుణింతముంది, ఒక్కో హల్లుకి ఏడు రూపాలు. తలకట్టు, దీర్ఘం, గుడి, కొమ్ము అంటూ పెరిగినవాణ్ణి, ఏడెంత అనుకున్నాను. మొదటి పరీక్షలో ఆ పిల్ల నాకు పదికి రెండేసింది. నా కంప్యూటర్ పాఠాలు అప్పటికింకా మొదలు కాలేదు, కరెంటు వచ్చినప్పుడు నేనుండేవాణ్ణి కాదు, నేనున్నప్పుడు కరెంటుండేది కాదు.

నెలాఖరున నన్ను పంపిన సంస్థకి రిపోర్టు పంపాలి. అందులో 'ఈ నెల మీ సేవల వల్ల లబ్ధి పొందినవారి సంఖ్య' అని ఒక గడి. నిజాయితీగా ఆలోచించి ఒకటి అని వేసి, లబ్ధిదారు పేరు దగ్గర నా పేరే రాశాను. వారానికి తిరిగొచ్చింది, వయసు నింపలేదట. ఏ క్యాలెండర్ ప్రకారం అని అడిగాను. ఇంకా జవాబు రాలేదు.